మళ్ళీ ఎప్పుడు ప్రయాణం?

శ్రీకాకుళం జిల్లా సోంపేట, కంచిలి, కవిటి, వజ్రపుకొత్తూరు వైపు ఊళ్ళలో పరాయి దేశం నుంచి వచ్చినవాడిని పలకరించే తీరు ఒకటుంది. ‘ఎప్పుడు వచ్చావు?’ అని అడిగి, జవాబు పూర్తిగా వినకుండానే ‘మళ్ళీ ఎప్పుడు ప్రయాణం?’ అంటారు. పొమ్మనడం కాదది, ఆప్యాయతే. కానీ ‘ఇక వెళ్ళను, వచ్చేశాను’ అనేవాడికి ఆ పలకరింపులో చోటు లేదు. అలా అన్నవాడిని ఒకసారి ఎగాదిగా చూసి, తరవాత వాళ్ళింట్లో ఆడవాళ్ళ దగ్గర ‘అక్కడ ఏమైందట?’ అని ఆరా తీస్తారు.

మా వీధిలో ఒకాయన పదిహేడేళ్ళు గల్ఫ్‌లో వెల్డింగ్ పని చేసి, నిరుడు వచ్చేశాడు. తెల్లవారుజామున పలాస స్టేషన్లో దిగినప్పుడు వెంట రెండు అట్టపెట్టెలు ఉన్నాయి. నైలాన్ తాడు అడ్డంగా నిలువుగా గళ్ళుపడేలా బిగించి, నాలుగు వైపులా నల్ల మార్కరుతో పేరు, ఊరు, ఫోను నంబరు రాసి ఉన్నాయి. ఊరి పేరు ఒక పెట్టె మీద ఒక రకంగా, రెండో పెట్టె మీద ఇంకో రకంగా ఉంది. విప్పితే రెండు కంబళ్ళు, పాలపొడి డబ్బాలు, అత్తరు, పిల్లలకు చాక్లెట్లు, అడుగున పాత బనీనులో చుట్టిన వెల్డింగ్ హెల్మెట్. మిగతావన్నీ రెండు రోజుల్లో పంచిపెట్టేశారు. హెల్మెట్ మాత్రం అటక మీదికి వెళ్ళింది.

అందరూ ఆయనను అదే ప్రశ్న అడిగారు. ఆ ప్రశ్న గల్ఫ్ కంటే పాతదని నా అనుమానం. అది స్టీమర్ల నాటిది.

ఆ రోజుల్లో మన వాళ్ళు వెళ్ళేది ‘రంగం’, అంటే రంగూనుకు. 1866లో, అప్పట్లో ఈ ఊళ్ళున్న గంజాం జిల్లాను కరువు ఊడ్చిపెట్టింది. 1889లో మళ్ళీ వచ్చింది. మరోవైపు ఇంగ్లీషువాళ్ళు బర్మాలో ఐరావతి డెల్టాను వరి పొలాలుగా మారుస్తున్నారు. ఆ ధాన్యం దంచే మిల్లులకు, బియ్యం ఓడల్లోకి ఎత్తే రేవులకు మనుషులు కావాలి. కళింగపట్నం, బారువ, భీమునిపట్నం, విశాఖపట్నం రేవుల్లో స్టీమరు దూరంగా లంగరు వేసేది. మసూలా పడవల్లో అలలు దాటించి జనాన్ని ఎక్కించేవారు. అక్కడి నుంచి కొన్ని రోజుల ప్రయాణం, డెక్కు మీదే తిండీ నిద్రా. 1917లో రంగూను దారిలోని చిల్కా అనే స్టీమరుకు నిప్పంటుకుని బారువ తీరం దగ్గర మునిగిపోయింది. దాని శిథిలాలు నేటికీ ఆ నీటి అడుగునే ఉన్నాయి. ఇప్పుడు కుర్రాళ్ళు సరదాకు గాలి సిలిండర్లు కట్టుకుని అక్కడ మునిగి చూసి వస్తున్నారు.

ఆ వలసలో మనం మరిచిపోయిన విశేషం, తిరిగి రావడం కూడా ఆ ప్రయాణంలో భాగమే కావడం. ఇక్కడ కోతలయ్యాక వెళ్ళి, అక్కడ మిల్లుల కాలమంతా పనిచేసి, రెండు మూడేళ్ళకు ఇంటికి వచ్చేవారు. ఏదో ఒక పెళ్ళో, పొలం తాకట్టు విడిపించడమో అయ్యాక మళ్ళీ స్టీమరు ఎక్కేవారు. వెళ్ళినవాళ్ళలో ఎక్కువ మంది మగవాళ్ళే, కుటుంబం ఊళ్ళోనే ఉండేది. బర్మాకు వచ్చే భారతీయుల లెక్క తేల్చడానికి 1939లో నియమించిన జేమ్స్ బాక్స్‌టర్ కూడా, వచ్చేవారిలో అధికులు కొన్నేళ్ళు పనిచేసి తిరిగి పోయేవారేనని తేల్చాడు. అలాంటి కాలంలో ‘మళ్ళీ ఎప్పుడు ప్రయాణం?’ అనడం, వర్షం ఎప్పుడు పడుతుందని అడిగినంత మామూలు.

ఆ స్వేచ్ఛను మరీ పొగడక్కరలేదు. టిక్కెట్టు డబ్బు, కూలీలను కుదిర్చి తీసుకెళ్ళే మేస్త్రీ ముందే ఇచ్చేవాడు, అది తీరేదాకా మనిషి మేస్త్రీ చేతిలోనే. కూలి కూడా మేస్త్రీ చేతుల మీదుగానే వచ్చేది, దారిలో కొంత అరిగి. అయినా అప్పు తీరాక ఇంటికి వచ్చే రోజును ఆ మనిషే నిర్ణయించుకునేవాడు. ఆ తరవాత అంతపాటి అదృష్టం కూడా మన వాళ్ళకు దక్కలేదు. ముహూర్తం పెట్టడం అవతలి దేశం పని అయిపోయింది.

1931 జనాభా లెక్కల నాటికి రంగూను జనంలో సగానికి పైగా భారతీయులే. రేవుల్లో బస్తాలు మోసేవాళ్ళలో తెలుగువాళ్ళది పెద్ద వాటా. బర్మావాళ్ళు వాళ్ళను ‘కోరంగీలు’ అనేవారు. గోదావరి దగ్గరి కోరంగి రేవు నుంచి వచ్చిన పేరది. ఎక్కడి కోరంగి, ఎక్కడి టెక్కలి! కానీ పరాయి ఊళ్ళో పేరు పెట్టేది పరాయివాడే కదా. 1930 మే నెలలో రేవు కూలీలు సమ్మె కట్టారు. యాజమాన్యాలు వాళ్ళ బదులు బర్మా కూలీలను దించాయి. సమ్మె తేలిపోయి మన వాళ్ళు పనిలోకి వెళ్ళిన మే 26న, ఇక పని లేదని తెలిసిన బర్మా కూలీలకూ వాళ్ళకూ మధ్య గొడవ మొదలై ఊరంతా పాకింది. వంద మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎక్కువ మంది ఈ తీరం మనుషులే. అప్పుడు స్టీమరు ఎక్కి వచ్చినవాళ్ళు లెక్క చూసుకుని వచ్చినవాళ్ళు కాదు, ప్రాణం పట్టుకుని వచ్చినవాళ్ళు.

1937 ఏప్రిల్ 1న బర్మాను భారతదేశం నుంచి విడదీశారు. అంతవరకూ చట్టం దృష్టిలో రంగూను వెళ్ళడం అంటే ఒకే దేశంలో ఒక మూల నుంచి ఇంకో మూలకు వెళ్ళడమే. 1922 నాటి వలస చట్టం వీళ్ళను పట్టించుకోకపోవడానికి కారణం అదే. రాత్రికి రాత్రి అది విదేశమైంది. మనిషి కదలకుండానే సరిహద్దు కదిలింది.

సరిహద్దు ఇక్కడ కూడా కదిలింది. 1930లో సోంపేట నుంచి వెళ్ళినవాడిది గంజాం జిల్లా. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు సోంపేట విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా పుట్టింది. బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం మనుషుల సంగతి ఇంకా చిత్రం. విశాఖపట్నం జిల్లావాళ్ళుగా ఉండి, శ్రీకాకుళం జిల్లావాళ్ళయి, 1979 జూన్ 1న విజయనగరం జిల్లావాళ్ళయ్యారు. 2022లో పార్వతీపురం, సాలూరు మన్యం జిల్లాకు పోయాయి. కాగితం మీద ‘స్వస్థలం’ అన్న గడి ఉంటుంది. రంగం నుంచి వచ్చినవాడు అక్కడ రాసిన జిల్లా పేరు, చదివే గుమాస్తా దగ్గర ఉన్న జిల్లా పేరు ఒకటి కాకపోతే ఆ దరఖాస్తు గతి ఏమిటో ఊహించుకోవచ్చు.

తరవాత వచ్చింది అసలు దెబ్బ. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేశాయి. రేవు కూలీలు, ఊరు ఊడ్చేవాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని ఉత్తరంగా ప్రోమ్ దారి పట్టారు. వాళ్ళు పోతే రేవు ఆగుతుంది, ఊరు కంపు కొడుతుంది. అందుకని ప్రభుత్వం వాళ్ళను దారిలో ఆపి వెనక్కి మళ్ళించింది. పేదవాళ్ళకు స్టీమరు టిక్కెట్టు అందని పండైంది. 1942 మార్చి 8న రంగూను జపాను చేతికి పోయింది. లక్షల మంది కాలినడకన అరకాను కొండలు దాటి చిట్టగాంగ్ వైపు, తమూ మీదుగా మణిపురం వైపు, హుకాంగ్ లోయలోంచి అస్సాం వైపు నడిచారు. కలరాతో, మలేరియాతో, ఆకలితో దారిలోనే రాలిపోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. యూరోపియన్లకు ఒక దారి, నల్లవాళ్ళకు ఒక దారి అన్న మాట అప్పుడే పుట్టింది.

ముందుగా విశాఖకు చేరినవాళ్ళు ఊపిరి తీసుకునేలోగానే, 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఏ చప్పుడుకు భయపడి సముద్రం దాటారో ఆ చప్పుడే వెంట వచ్చింది.

యుద్ధం అయ్యాక కొందరు మళ్ళీ వెళ్ళారంటే ఈ రోజు మనకు వింతగా ఉంటుంది. అప్పటివాళ్ళకు అది వింత కాదు. కొట్టో, బండో, రావలసిన బాకీయో ఏదో ఒకటి అక్కడే ఉండిపోయింది. 1948లో బర్మా స్వతంత్రమై పౌరసత్వ చట్టం చేసింది. ఎప్పటికైనా ఇంటికి పోయేవాళ్ళమే కదా అనుకుని చాలామంది దరఖాస్తు పెట్టలేదు. 1962 మార్చి 2న జనరల్ నె విన్ గద్దె ఎక్కాడు. 1964లో చిన్న దుకాణాలు కూడా ప్రభుత్వపరం అయ్యాయి. ఆ మే నెలలో యాభై, వంద చాట్‌ల బర్మా కరెన్సీ నోట్లు చెల్లవన్నారు. ఓడ ఎక్కేటప్పుడు వెంట తెచ్చుకోగల డబ్బుకూ నగలకూ కొలత పెట్టారు. అలా దిగినవాళ్ళకే మన పత్రికలు ‘బర్మా కాందిశీకులు’ అని పేరు పెట్టాయి. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు పేరు అప్పటిదే.

కాందిశీకులన్న ఆ మాట నాకు ఎప్పుడూ మింగుడుపడదు. సొంత గడ్డ మీద దిగినవాడు కాందిశీకుడు ఎలా అవుతాడు? కానీ వాళ్ళ పిల్లలు బర్మాలో పుట్టారు, బర్మా బడిలో చదివారు. మన ఊరి పేరు వాళ్ళకు తాతల నోటి నుంచి విన్నదే తప్ప చూసింది కాదు. తాతకు ఇల్లు చేరడం, మనవడికి ఇల్లు వదలడం, రెండూ ఒకే ఓడలో జరిగాయి. వీళ్ళ కోసం 1969లో మద్రాసు కేంద్రంగా రెప్కో బ్యాంకు ఏర్పడింది. బర్మా, శ్రీలంకల నుంచి వచ్చినవాళ్ళకు అప్పులిచ్చి నిలబెట్టడమే దాని పని. తిరిగి వచ్చినవాడి కోసమే పెట్టిన సంస్థ నాకు తెలిసి ఈ కథలో ఇదొక్కటే.

గల్ఫ్ కథ 1970ల చమురు డబ్బుతో మొదలైంది. ఉద్దానం, అంటే ఈ సోంపేట, కవిటి వైపు కుర్రాళ్ళు వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా అక్కడికీ, సింగపూరు ఓడల కార్ఖానాలకూ వెళ్ళారు. మేస్త్రీ స్థానంలో ఏజెంటు వచ్చాడు. 1983 వలస చట్టం ఏజెంటుకు లైసెన్సు ఉండాలంది, పదో తరగతి చదవనివాడి పాస్‌పోర్టుకు అనుమతి ముద్ర ఉండాలంది. అన్నీ వెళ్ళే దారి కాపలాలే. వచ్చే దారి గురించి ఆ చట్టానికి పెద్దగా పట్టలేదు. ఆ దారి తాళం అక్కడి యజమాని జేబులో ఉండేది. ఖతార్‌లో 2018 దాకా, సౌదీలో 2021 దాకా ఇంటికి రావాలంటే యజమాని ఒప్పుకోలు కావాలి. అకామా, అంటే అక్కడ ఉండే అనుమతి, గడువు దాటిపోయినవాడు అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించేదాకా దాక్కుని ఉండి, ఔట్‌పాస్ అనే తాత్కాలిక ప్రయాణ కాగితం చేత పట్టుకుని వచ్చేవాడు. సౌదీలో సర్వీసు డబ్బు అంటారు, మొదటి ఐదేళ్ళకు ఏడాదికి సగం నెల జీతం, ఆ పైన ఏడాదికి నెల జీతం. రెండేళ్ళు నిండకుండా మనిషే మానేస్తే అది సున్నా. కాబట్టి ‘ఇంకో ఏడాది’ అన్న మాట ఊరికే పుట్టలేదు.

యుద్ధం ఇక్కడా తరిమింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించాక లక్ష మందికి పైగా భారతీయులను అమ్మాన్ మీదుగా విమానాల్లో తెచ్చారు. వాళ్ళకు ఐక్యరాజ్యసమితి పరిహార సంఘం ద్వారా తరవాత కొంత సొమ్ము వచ్చింది. రంగూను నుంచి నడిచి వచ్చినవాళ్ళకు అలాంటిదేమీ లేదు. 2020 మే 7న కరోనా విమానాలు మొదలైనప్పుడు మాస్కులతో దిగినవాళ్ళలో చాలామందికి రావలసిన జీతం అక్కడే ఉండిపోయింది.

మరి వచ్చేసినవాడికి ఇక్కడ ఏముంది? ఉద్దానంలో గల్ఫ్ డబ్బు చాలావరకు ఇంటి స్లాబులోకో, కొబ్బరి తోటలోకో పోతుంది. తోట ఉంటే చాలు, కూర్చుని తినవచ్చని లెక్క. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. పొద్దున లేచేసరికి చెట్లు వేళ్ళతో సహా పడుకుని ఉన్నాయి. నాటు కొబ్బరి మొక్క పెట్టి కాపు చూడాలంటే ఆరేడేళ్ళు. నలభై అయిదేళ్ళ మనిషికి ఆ లెక్క వేసుకోవడం కష్టం కాదు. ఇక వెళ్ళనని చెప్పినవాళ్ళు కొందరు ఆ చలికాలంలోనే మళ్ళీ గల్ఫ్ ప్రయాణానికి మెడికల్ పరీక్షకు వెళ్ళడం నేను చూశాను.

విజయనగరంలో, శ్రీకాకుళం టౌనులో అమెరికా పిల్లల తల్లిదండ్రులు అడిగేది వేరే రకం ప్రశ్న, కానీ తాళం సంగతి అదే. 1990 చట్టంతో వచ్చిన హెచ్‌-1బీ వీసా మీద వెళ్ళినవాళ్ళు గ్రీన్ కార్డుకు దేశానికి 7 శాతం పరిమితి దగ్గర ఏళ్ళకేళ్ళు నిలబడ్డారు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము అన్నప్పుడు ఇక్కడ ఎన్ని ఇళ్ళలో ఫోన్లు మోగాయో! 40 క్రెడిట్లు, అంటే సుమారు పదేళ్ళ పని, నిండకుండా వచ్చేస్తే సోషల్ సెక్యూరిటీ అనే అమెరికా పింఛను పథకానికి కట్టిందంతా అక్కడికే దక్షిణ. మన రెండు దేశాల మధ్య ఆ విషయంలో ఒప్పందం లేదు. ఇక్కడి ఆదాయపు పన్ను చట్టం మాత్రం కొంచెం దయ చూపింది. చాలా ఏళ్ళు బయట ఉండి వచ్చినవాడి విదేశీ ఆదాయం మీద తొలి రెండు మూడేళ్ళు పన్ను వేయదు. పిల్లలకు తెలుగు చదవడం నేర్పడానికి అలాంటి గడువు ఎవరూ ఇవ్వరు.

మా వీధి ఆయన ఇప్పుడు కాశీబుగ్గలో గ్రిల్లులు చేసే కొట్టు పెట్టాడు. అక్కడి జీతంతో పోలిస్తే పావు వంతు కూడా రాదని తనే చెబుతాడు. అయితే రాత్రి ఇంట్లో తింటున్నాడు. ‘మళ్ళీ ఎప్పుడు ప్రయాణం?’ అని నేనూ పొరపాటున అడిగాను. ‘ఇంకెక్కడి ప్రయాణం అన్నయ్యా, అయిపోయింది’ అన్నాడు. గ్రిల్లు మీద చుక్క పెట్టి, హెల్మెట్ పైకెత్తి, నవ్వాడు. ఆ హెల్మెట్ అటక మీద నుంచి దిగిందని అప్పుడు గమనించాను. మరుసటి వారం శ్రీకాకుళం వెళ్ళే బస్సులో కనిపించాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నీలం రంగు అట్ట. పాస్‌పోర్టు గడువు అయిపోతోందట, రెన్యువల్‌కి.