బంగారు రేణువు కణంలోకి వెళ్లిందని ఎలా తెలుస్తుంది?

తిరుపతి

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

సెలవుల్లో వచ్చినప్పుడు నా బీరువాలోని దానిమ్మ రసం రంగు సీసాను చూసి, అందులో ఉన్నది బంగారమంటే మీరు నమ్మలేదు. బంగారాన్ని సుమారు 20 నానోమీటర్ల (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు) ముక్కలుగా తయారుచేసి నీళ్లలో నిలిపితే, అవి 520 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకోవడం వల్ల మన కంటికి ఎరుపు మిగులుతుంది. తెలుగులో జీవకణాన్నీ, ఈ ముక్కనూ కూడా కణమనే అంటాం కాబట్టి, తికమక లేకుండా దీన్ని రేణువు అంటాను.

ఆ నీళ్లలో ఉప్పు కలిపితే రేణువులు ఒకదానికొకటి అతుక్కుని, ఎరుపు కళ్ల ముందే ఊదాగా, ఆపైన నీలంగా మారిపోతుంది. మన రక్తంలోనూ ఉప్పు ఉంది కదా, రేణువును అందులోకి పంపితే దాని గతి ఏమిటని మీరు అడగాలి. రక్తంలోని ప్రోటీన్లు చుట్టూ చేరి రేణువుకు తొడుగులా ఏర్పడతాయి; అప్పుడు రంగు చాలావరకు నిలిచి, రేణువు కాంతిని అత్యధికంగా పీల్చుకునే చోటు మాత్రం కొద్ది నానోమీటర్లు ఎరుపు వైపు జరుగుతుంది. కంటికి అందని ఆ తేడాను, ఏ రంగు కాంతి ఎంత పీల్చుకోబడిందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్ అనే పరికరం పట్టి ఇస్తుంది. ఈ విషయంలో నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునేది ఇదే: కణానికి ఎదురయ్యేది మనం తయారుచేసిన బంగారం కాదు, ప్రోటీన్లు తొడుక్కున్న బంగారం. ఆ తొడుగు తగిలిన చోట కణం పైపొర లోపలికి గుంటపడి, రేణువును చిన్న సంచిలో మూటకట్టి లోపలికి తీసుకుంటుంది.

దీన్ని చూడడమెలా? మామూలు మైక్రోస్కోపు సుమారు 200 నానోమీటర్ల కన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలను వేరుగా చూపలేదు. అయితే రాత్రి మన మేడ మీద నిలబడితే కొండ మీది దీపాల ఆకారం తెలియకపోయినా వెలుగు తెలిసినట్లే, వెనుక చీకటి ఉంచి చూసే డార్క్‌ఫీల్డ్ పద్ధతిలో 50 నానోమీటర్ల రేణువు కూడా మెరిసే చుక్కగా కనిపిస్తుంది, కణం బ్రతికి ఉండగానే.

ఆ చుక్కలను నమ్మి నేను ఒకసారి పొరబడ్డాను. కణం నిండా మెరుపులు చూసి, రేణువులన్నీ లోపలికి వెళ్లాయని నోటుపుస్తకంలో రాసుకున్నాను. తరువాత అవే కణాలను గట్టిపరచి, 70 నానోమీటర్ల పలుచని పొరలుగా కోసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే, నల్లని గింజల్లాంటి రేణువుల్లో సగానికి పైగా పైపొర బయటే బారులు తీరి ఉన్నాయి. ఆ రోజు కలిగిన బాధ నాకు ఇంకా గుర్తుంది. అప్పటి నుంచి అయోడిన్, పొటాషియం అయోడైడ్ కలిపిన ద్రవంతో బయటి బంగారాన్ని కరిగించి, మిగిలినదాన్నే లోపలిదిగా లెక్కించేవాణ్ణి.

సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ ఎర్రని నీళ్లను రెండు గాజు గొట్టాల్లో పోద్దాం. ఒకదానిలో ఉప్పు మాత్రమే వేద్దాం. రెండోదానిలో ముందు కోడిగుడ్డు తెల్లసొన కలిపి, ఆ తరువాత ఉప్పు వేద్దాం. ఏది నీలంగా మారుతుందో, ఏది ఎర్రగానే నిలుస్తుందో మీరే చూసి, ఎందుకో నాకు చెప్పాలి.

మీ తాతయ్య