ఒళ్ళు చూపించడమేనా కళ? పెర్ఫార్మెన్స్ ఆర్ట్‌పై అపోహలు - వాస్తవాలు

పెర్ఫార్మెన్స్ ఆర్ట్ చేస్తానని చెప్పగానే "అంటే డ్రామాలా?" అంటారు. కాదు, నా శరీరాన్నే వాడి చేసే పని అనగానే మాట మార్చేస్తారు. మార్చకుండా నిలబడి అడిగినవాళ్ళ అనుమానాలివి.

అపోహ: బట్టలు విప్పడమే ఇందులో విషయం.

2003లో గ్వాటెమాలాలో రెజీనా హోసె గాలిండో అనే కళాకారిణి నల్ల గౌను వేసుకుని, మనిషి రక్తం ఉన్న బేసిన్ పట్టుకుని రోడ్డు మీద నడిచింది. కాస్త దూరం పోయాక బేసిన్ కింద పెట్టడం, పాదాలు ముంచడం, మళ్ళీ నడవడం. రాజ్యాంగ న్యాయస్థానం నుంచి నేషనల్ ప్యాలెస్ దాకా ఎర్రటి అడుగులు పడ్డాయి. మాజీ నియంత రియోస్ మాంట్‌ను అధ్యక్ష ఎన్నికల్లో పోటీ చేయనిచ్చినందుకు ఆమె నిరసన అది. రెండు పాదాలు సరిపోయాయి.

అపోహ: ముందూ వెనకా చూసుకోని తెగింపు.

మా పని సగం కాగితం మీదే అయిపోతుంది. జపాన్ కళాకారిణి యోకో ఓనో 1964లో క్యోటోలో మొదట చేసిన 'కట్ పీస్'కు రాతపూర్వక సూచనలున్నాయి. వేదిక మీద కూర్చోవాలి, ముందు కత్తెర. ప్రేక్షకులు ఒక్కొక్కరే వచ్చి ఆమె బట్టల్లోంచి చిన్న ముక్క కత్తిరించి తీసుకెళ్ళొచ్చు. ఆమె కదలకూడదు. ఎప్పుడు ఆపాలన్నది మాత్రం ఆమె ఇష్టం. ఆ చివరి షరతే లేకపోతే నేను ఆ ఛాయలకు కూడా పోను.

1965 న్యూయార్క్ ప్రదర్శనను ఫిల్మ్ తీశారు. మొదట్లో వచ్చినవాళ్ళు మొహమాటంగా చిన్న ముక్కలు తీసుకుంటారు. తర్వాత ఒక కుర్రాడు తీరిగ్గా ఆమె లోపలి స్లిప్ కోసి, బ్రా పట్టీలు కూడా తెంచుతాడు. ఆమె చేతులతో ఎద కప్పుకుంటుంది. అందరి కళ్ళూ ఆమె మీదే ఉంటాయి. నేను స్టూడెంట్లను ఆ కుర్రాడి చేతులు చూడమంటాను.

అపోహ: అందగత్తెల ప్రచార పిచ్చి.

అమెరికన్ కళాకారిణి హన్నా విల్కీని సరిగ్గా ఇదే అన్నారు, ఫెమినిస్టుల్లో కొందరితో సహా. 1970లలో చూయింగ్ గమ్‌తో చేసిన చిన్న బొమ్మలు ఒంటికి అంటించుకుని ఫోటోలు దిగిందామె. తర్వాత లింఫోమా అనే క్యాన్సర్ వచ్చింది. జుట్టు ఊడిన తలతో, బ్యాండేజీలతో అదే కెమెరా ముందుకు మళ్ళీ వచ్చింది. 1993లో చనిపోయింది. ఆ ఫోటోలు చూశాక కూడా ప్రచారం అనేవాళ్ళతో నేను వాదన పెట్టుకోను.

అపోహ: ఇదంతా పడమటి గాలి.

2000లో మణిపూర్‌లో, మహాశ్వేతాదేవి కథ ఆధారంగా దర్శకుడు కన్హైలాల్ చేసిన 'ద్రౌపది' నాటకంలో నటి సావిత్రి హైస్నం, సైనికులు చెరిచిన ఆదివాసీ స్త్రీ పాత్రలో, సైనికాధికారి ఎదుట నగ్నంగా నిలబడ్డారు. అప్పటికే యాభై దాటిన మనిషి. సొంత ఊరివాళ్ళే తిట్టిపోశారు. 2004 జులైలో అస్సాం రైఫిల్స్ జవాన్లు పట్టుకెళ్ళిన మనోరమ అనే యువతి హత్య తర్వాత 12 మంది తల్లులు ఇంఫాల్‌లో ఆ దళం ఉన్న కాంగ్లా కోట గేటు ముందు బట్టలు విప్పి నిలబడ్డారు. అది కళ కాదు, నిరసన. నాటకం చూసే అలా చేశారనడం ఆ తల్లులను చిన్నబుచ్చడమే. అయితే ఆ తర్వాత నాటకాన్ని చూసే కన్ను మాత్రం మారింది.

అపోహ: నొప్పి భరిస్తేనే నిజమైన ఆర్ట్.

కొత్తగా వచ్చే పిల్లల్లో ఇదే ఎక్కువ, నాకు టెన్షన్ కూడా దీనితోనే. 1974లో బెల్‌గ్రేడ్‌లో కళాకారిణి మరీనా అబ్రమోవిచ్ మండుతున్న నక్షత్రం ఆకారం మధ్యలో పడుకుని, ఆక్సిజన్ అందక స్పృహ తప్పింది. చూస్తున్నవాళ్ళు గమనించి బయటికి లాగారు కాబట్టి బతికింది. దాన్ని ఆదర్శంగా తీసుకోవద్దు. మొదలుపెట్టే ముందే ఆపమనే సైగ ఏదో, సైగ చేయలేని స్థితిలో ఉంటే లోపలికి ఎవరు రావాలో తేల్చుకోండి. ఆ మనిషి చేతిలో కెమెరా మాత్రం పెట్టకండి.