నిరుద్యోగి అని ఎవరిని అనాలి?

బెంగళూరు మారతహళ్లిలో కడప నుంచి వచ్చిన ఒక కుటుంబం టిఫిన్ సెంటర్ నడుపుతోందనుకుందాం. భర్త గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు. భార్య తెల్లవారుజామునే లేచి చట్నీలు రుబ్బి, పదింటిదాకా దోసెలు పోస్తుంది. కొడుకు బీటెక్ అయ్యాక జావా కోర్సు చేస్తూ ఇంటర్వ్యూలకు తిరుగుతున్నాడు. ఇంట్లో ఎవరెవరు పనిచేస్తారని అడిగితే ఆయన తన పేరొక్కటే చెబుతాడు. "మా ఆవిడ ఇంట్లోనే ఉంటుందండీ. వాడికింకా జాబ్ రాలేదు" అంటాడు.

2017 ఏప్రిల్‌లో మొదలైన కేంద్రం వారి శ్రామిక శక్తి సర్వే, పీఎల్ఎఫ్ఎస్, లెక్క వేరు. సొంత కొట్టులో జీతం లేకుండా చాకిరీ చేసే ఆమెకూ అందులో ఉపాధి ఉన్నట్టే. కొడుకు నిరుద్యోగి. కానీ గత ఏడు రోజుల్లో ఒక్క గంటైనా కొట్టులో పార్సిళ్లు కట్టి ఉంటే, వారం లెక్కలో అతనికీ పని ఉన్నట్టే. ఇదికాక ఏడాది లెక్క ఒకటుంది. అందులో ఏడాదిలో ఎక్కువ కాలం ఏం చేశారో చూస్తారు, కనీసం 30 రోజులు చేసిన చిన్నాచితకా పనినీ కలుపుతారు. ఏడాదిలో కొంతకాలం పని దొరికి, సరిగ్గా ఆ వారం ఖాళీగా తిరిగినవాళ్లు వారం లెక్కలోనే బయటపడతారు. అందుకే 2023-24లో దేశంలో 15 ఏళ్లు దాటినవారి నిరుద్యోగం ఏడాది లెక్కన 3.2 శాతం, వారం లెక్కన 4.9 శాతం.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది భాగహారంలో కింద ఉండే సంఖ్య. నిరుద్యోగ శాతాన్ని మొత్తం జనం మీద కట్టరు. పనిచేసేవాళ్లు, పని వెతికేవాళ్లు కలిసిన శ్రామిక శక్తి మీదే కడతారు. 50 మంది పనిచేస్తూ 5గురు వెతుకుతుంటే 9.1 శాతం. ఆ అయిదుగురిలో ముగ్గురు విసిగిపోయి, ఇక చాల్లే అని ఊరికి వెళ్లిపోతే మిగిలేది 52లో ఇద్దరు, అంటే 3.8 శాతం. కొత్తగా ఒక్కరికీ ఉద్యోగం రాలేదు, శాతం మాత్రం సగానికి పైగా పడిపోయింది! నిరుద్యోగం తగ్గిందనే వార్త చదివినప్పుడు శ్రామిక శక్తిలో ఎంతమంది ఉన్నారో కూడా చూడాలి.

ఆడవాళ్ల విషయంలో ఈ గీత మరీ సన్నం. డబ్బులు తీసుకుని పక్కింటావిడకు జాకెట్ కుడితే ఉపాధి. అదే మిషను మీద సొంత పిల్లలకు గౌను కుడితే ఇంటిపని, శ్రామిక శక్తికి బయట. 2017-18లో పట్టణ మహిళల్లో 20.4 శాతం శ్రామిక శక్తిలో ఉంటే, 2023-24కి అది 28 శాతమైంది. సంతోషించాల్సిందే. అయితే పల్లెలూ పట్నాలూ కలిపి చూస్తే మహిళల ఉపాధిలో పెరిగిన భాగం ఎక్కువగా స్వయం ఉపాధిదే. సొంత కొట్టులో, సొంత పొలంలో జీతంలేని సాయం కూడా అందులోకే వస్తుంది. కాబట్టి ఆ 28 శాతం చెప్పిన ప్రతిచోటా, వాళ్లలో ఎంతమంది చేతికి సొంత సంపాదన అందుతోందో పక్కనే చెప్పాలి.