కీచకుడికి వకీలు లేడు

విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలో పద్యనాటకం చూసి బయటికొచ్చాం. టీ కొట్టు దగ్గర మా బాబాయికీ మా అబ్బాయికీ వాదన. ఇక జన్మలో మారడు అనదగ్గ పచ్చి దుర్మార్గుడు ఎవరు?

"దుర్యోధనుడు తాతయ్యా" అన్నాడు వాడు.

"కర్ణుణ్ణి నిండుసభలో కులం అడిగి ఎగతాళి చేస్తుంటే, అంగరాజ్యమిచ్చి పక్కన నిలబడింది ఎవర్రా?" అన్నాడు బాబాయి.

రావణుడి దగ్గరా ఇదే తంతు. కీచకుడి పేరెత్తేసరికి మాత్రం ఇద్దరూ ఒక్కటైపోయారు.

మనిషినీ పనినీ ముడిపెట్టేయడం మన బుర్రకు అలవాటు. 1967లో ఎడ్వర్డ్ జోన్స్, విక్టర్ హారిస్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు క్యూబా నాయకుడు ఫిడెల్ కాస్ట్రోను మెచ్చుకుంటూ, తిడుతూ రాసిన వ్యాసాలను కొందరికి చదవమనిచ్చారు. ఎటువైపు రాయాలో రాసినవాళ్లకు పైవాళ్లే చెప్పారని తెలిసినా, మెచ్చుకుంటూ రాసినవాడికి కాస్ట్రో మీద ఎంతోకొంత అభిమానం ఉండే ఉంటుందని చదివినవాళ్లు అనుకున్నారు. మనకు ఇందుకు సూర్యకాంతం చాలు. గయ్యాళి అత్త వేషాలు చూసి జనం ఆడపిల్లలకు ఆ పేరు పెట్టడమే మానేశారంటారు. అది నటనని తెలియకనా?

అలాంటి బుర్ర విలన్‌కి ఎందుకు మినహాయింపు ఇస్తుంది? మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు 4 నుంచి 12 ఏళ్ల పిల్లలు 434 మందినీ, పెద్దలు 277 మందినీ కథల్లోని హీరోలు, విలన్ల గురించి అడిగారు. ఫలితాలు 2022లో వచ్చాయి. విలన్ పనులే కాదు, లోపలి మనిషి కూడా చెడ్డవాడేనని ఎక్కువమంది చెప్పారు. అయితే పైకి ఒకటి, లోపల ఒకటి అన్న మాట హీరోల కన్నా విలన్ల విషయంలోనే ఎక్కువ వినిపించింది. హీరో లోపల చెడు ఉందని అనుమానించం గానీ, విలన్ లోపల ఏ మూలో కాస్త మంచి ఉందేమోనని వెతుకుతాం.

వెతికితే దొరకాలి కదా. కీచకుడు విరాటుడి సేనాపతి, మహావీరుడు. అతను పోయాకే త్రిగర్త రాజు సుశర్మకు విరాటుడి ఆవుల మీద పడే ధైర్యమొచ్చింది. అయినా ఇదేదీ అతనికి పనికిరాలేదు. నా లెక్కలో కారణం ఒకటే: పరాక్రమం మంచితనం కాదు. దుర్యోధనుడు ఒక్క మనిషినైనా స్నేహితుడనుకున్నాడు. కీచకుడు అలా ఎవరినైనా చూసుకున్న ఘట్టం మన నాటకాల్లో నేనైతే చూడలేదు.

రావణుడి విషయంలో మన పురాణాలు ఇంకా దూరం వెళ్లాయి. అసలు అతను వైకుంఠం వాకిట కాపలా ఉన్నవాడట, శాపం వల్ల మూడు జన్మలు విష్ణువుకు శత్రువయ్యాడట. పైకి రాక్షసుడు, లోపల భక్తుడు! వినడానికి బాగానే ఉంది గానీ, అశోకవనంలో సీత ఏడ్చిన ఏడుపుకి ఈ లెక్కలో చోటెక్కడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మా వాడికి ఇంకో సందేహం. "తాతయ్యా, కీచకుడికి కూడా పోయిన జన్మ కథ ఏమైనా ఉందేమో?"

"ఉన్నా నాకు చెప్పకు" అంటూ బాబాయి గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.