ఎన్నికల మోసమంటే రిగ్గింగ్ ఒక్కటేనా? కొన్ని అపోహలు - వాస్తవాలు

గుంటూరులో పౌరశాస్త్రం బోధిస్తూ, అనేక ఎన్నికల్లో ప్రిసైడింగ్ అధికారిగా పనిచేసిన నాకు తరచుగా వినిపించే అపోహలివి. వీటన్నింటికీ మూలం ఒకటే: ఓటుకు జరిగే అన్యాయమంతా బూత్‌లోనే జరుగుతుందన్న నమ్మకం.

అపోహ: రాయ్‌బరేలీలో రిగ్గింగ్ జరిగినందుకే ఇందిరాగాంధీ ఎన్నిక రద్దయింది.

వాస్తవం: 1971లో ఆమె రాజ్‌నారాయణ్‌పై లక్షకు పైగా ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు న్యాయమూర్తి జగ్‌మోహన్ లాల్ సిన్హా ఆ ఎన్నికను కొట్టివేసింది దొంగ ఓట్ల కారణంగా కాదు. ప్రభుత్వోద్యోగిగా ఉన్న యశ్‌పాల్ కపూర్ సేవలను ఎన్నికకు వాడుకోవడం, సభావేదికలు, మైకుల ఏర్పాట్లను రాష్ట్ర అధికారుల చేత చేయించుకోవడం అవినీతికర చర్యలని తేల్చి, ఆరేళ్ళ అనర్హత కూడా విధించారు. జూన్ 24న సుప్రీంకోర్టు షరతులతో స్టే ఇచ్చింది. మరునాటి రాత్రే అత్యవసర పరిస్థితి వచ్చింది. ఆగస్టులో 39వ రాజ్యాంగ సవరణ ప్రధానమంత్రి ఎన్నికను కోర్టుల పరిధి నుంచే తప్పించింది. నవంబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టివేసినా, అప్పటికే వెనుకటి తేదీ నుంచి వర్తించేలా మార్చిన ఎన్నికల చట్టం ఆధారంగా ఆమె ఎన్నికను సమర్థించింది. వేదికలు, మైకుల కంటే నాకు ఘోరంగా తోచేది తీర్పు వచ్చాక చట్టాన్నే మార్చడం.

అపోహ: 1984లో ఎన్టీఆర్‌ను రాష్ట్రపతి పాలన పెట్టి దించారు.

వాస్తవం: రాష్ట్రపతి పాలన రాలేదు. ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఆయనను తొలగించి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేశారు. శాసనసభలో తేలవలసిన బలం రాజ్‌భవన్‌లో తేలింది. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, ఎన్టీఆర్ మళ్ళీ ప్రమాణం చేశారు.

అపోహ: టెండర్ ఓట్లు (తన పేరుతో వేరొకరు అప్పటికే ఓటేసి వెళ్ళాక, అసలు ఓటరు కాగితం బ్యాలెట్‌పై వేసే ఓట్లు) 14 శాతం దాటితే రీపోలింగ్ పెడతారు.

వాస్తవం: ప్రతి ఎన్నికకూ వాట్సాప్‌లో తిరిగే ఈ మాటకు ఏ చట్టంలోనూ ఆధారం లేదు. ఒకసారి మధ్యాహ్నం మూడింటికి ఒక పెద్దావిడ వచ్చారు. జాబితాలో ఆమె పేరు మీద అప్పటికే గీత పడి ఉంది. వివరాలు అడిగి, ఆమేనని నిర్ధారించుకుని, టెండర్ ఓట్లు నమోదు చేసే 17బి ఫారంలో సంతకం తీసుకుని టెండర్ బ్యాలెట్ ఇచ్చాను. ముద్ర వేసి, మడిచి నా చేతికిస్తూ, "దీన్ని లెక్కపెడతారా బాబూ?" అని అడిగారు. "లెక్కపెట్టరమ్మా, కోర్టు అడిగితేనే తెరుస్తారు" అని చెప్పి కవరులో పెట్టాను. కోర్టు అలా అడగాలంటే ఫలితం వచ్చిన 45 రోజుల్లోగా హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయాలి.

ఆ వీధివారే అయిన అభ్యర్థుల ఏజెంట్లు ఉదయం నుంచీ అక్కడే ఉన్నారు. ఆమె పేరుతో వేరెవరో వచ్చినప్పుడు వారిలో ఒక్కరైనా రెండు రూపాయలు కట్టి ఛాలెంజ్ చేసి ఉంటే, నేను అక్కడికక్కడే విచారించి, రుజువైతే ఆ మనిషిని పోలీసులకు అప్పగించవలసి వచ్చేది. ఆవిడ ఓటు యంత్రంలోనే పడేది.