ఈతలో "ఎంత కష్టంగా ఉంది?" అని అడగడం: అపోహలు - వాస్తవాలు

గచ్చిబౌలి వైపు ఒక పూల్‌లో పొద్దున ఐదున్నర బ్యాచ్‌కి కోచింగ్ ఇస్తా, ఎక్కువమంది 800, 1500 మీటర్లు ఈదే పిల్లలు, ఓపెన్ వాటర్ (చెరువులు, సముద్రంలో ఈత) కోసం వచ్చే సాఫ్ట్‌వేర్ వాళ్ళు కొందరు. ప్రతి సెట్ అయ్యాక "ఎంత?" అని అడుగుతా, ఎంత కష్టంగా అనిపించిందో 0 నుంచి 10 లోపు ఒక నంబర్ చెప్తారు. గట్టు మీద కూర్చున్న పేరెంట్స్‌కి ఇదేంటో అర్థం కాదు, అడుగుతూనే ఉంటారు, అందుకే రాస్తున్నా.

అపోహ: ఇది నోటికొచ్చింది చెప్పడమే, సైన్స్ లేదు

ఉంది. స్వీడన్ సైకాలజిస్ట్ గున్నార్ బోర్గ్ 1960ల నుంచి దీని మీదే పనిచేశాడు. ఆయన పాత స్కేల్ 6 నుంచి 20 దాకా ఉంటుంది, ఆరుతో ఎందుకు మొదలవుతుందంటే ఆ అంకె పక్కన సున్నా పెడితే ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళ గుండె వేగానికి దగ్గరగా రావాలని, అంటే 15 చెప్తే సుమారు 150. మేం వాడే 0-10 స్కేల్ కూడా ఆయన తర్వాత చేసిందే. ఆయాసం, భుజాల్లో మంట, వేడి, రాత్రి నిద్ర, ఇవన్నీ కలిసి ఆ ఒక్క నంబర్‌లోకి వస్తాయి.

అపోహ: మంచి వాచ్ కొంటే చాలు

పల్స్ కొలిచే మణికట్టు సెన్సర్‌ని నీళ్ళలో నమ్మలేం, సందులోకి నీళ్ళు వెళ్తాయి, పైగా చెయ్యి ఆగకుండా ఊగుతూ ఉంటుంది. ఛాతీ బెల్ట్ గోడని తన్నినప్పుడల్లా జారుతుంది. ఇంకోటి, పడుకుని ఈదుతాం, నీటి ఒత్తిడికి రక్తం గుండెకి తేలిగ్గా తిరిగొస్తుంది, చల్లదనం సరేసరి, అందుకే రన్నింగ్‌తో పోలిస్తే పల్స్ చాలామందికి ఓ పది దాకా తక్కువే ఉంటుంది. రన్నింగ్‌కి లెక్కేసిన పల్స్ జోన్లు పట్టుకొచ్చి పూల్‌లో అదే పల్స్ కోసం ఈదితే ఈజీ రోజు కాస్తా గట్టి రోజైపోతుంది.

అపోహ: తక్కువ నంబర్ చెప్పినోడే స్ట్రాంగ్

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే, తప్పు కూడా నాదే. మొదట్లో అందరినీ గోడ దగ్గర నిలబెట్టి వరసగా అడిగేవాణ్ణి, ముందున్న పిల్లాడు "నాలుగు సార్" అంటే వెనకున్న ఆరుగురూ నాలుగే అనేవాళ్ళు, మొహాలు చూస్తే ఎర్రగా కందిపోయి ఉండేవి. ఇప్పుడు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి వంగి మెల్లగా అడుగుతా, ఎనిమిది అన్నా ఏమీ అనను. ఏమన్నా అంటే రేపట్నుంచి నిజం చెప్పరు.

అపోహ: ఆయాసం వస్తే ఇంటెన్సిటీ ఎక్కువైనట్టే

రన్నింగ్‌లో మాట్లాడగలుగుతున్నావా అని చూస్తాం, ఇక్కడ మొహమే నీళ్ళలో ఉంటుంది. కొత్తవాళ్ళు ఊపిరి వదలకుండా బిగబడతారు, మెల్లగా 50 ఈదినా తొమ్మిది అంటారు. అది ఫిట్‌నెస్ కాదు, టెక్నిక్. నీళ్ళలో బుడగలు వదలడం వచ్చేదాకా వాళ్ళ నంబర్‌ని పక్కన పెడతా.

అపోహ: నంబర్ ఉంటే గడియారం అక్కర్లేదు

రెండూ కావాలి. ముందు 400, బాగా రెస్ట్ తర్వాత 200, రెండూ ఫుల్‌గా ఈదిస్తా. 400కి 7 నిమిషాలు, 200కి 3:20 వచ్చిందనుకోండి, తేడా 200 మీటర్లకి 220 సెకన్లు, అంటే వందకి 1:50. ఎక్కువసేపు పట్టుకోగలిగే స్పీడ్‌కి అదొక అంచనా. ఆ స్పీడ్‌లో ఒక్కొక్కరూ మామూలుగా ఏ నంబర్ చెప్తారో రాసి పెట్టుకుంటా, అసలు విషయం అక్కడే దొరుకుతుంది. ఇంటర్ చదివే ఒకమ్మాయి 200ల సెట్‌లో ఎప్పుడూ ఐదు చెప్పేది, ఒకరోజు టైం సెకను కూడా మారలేదు గానీ "ఏడు సార్" అంది. సగంలో ఆపి ఇంటికి పంపా, వాళ్ళ నాన్న ఫీజు కట్టాం కదా అన్నట్టు చూశారు, రెండోరోజుకి జ్వరం వచ్చింది. ప్రతిసారీ జ్వరమే అని కాదు, పరీక్షల ముందు నిద్ర లేకపోయినా ఇంతే. మే నెలలో పైకప్పు లేని పూల్స్‌లో నీళ్ళు వేడెక్కినా అదే స్పీడ్‌కి నంబర్ పెరుగుతుంది, అప్పుడు స్పీడ్ తగ్గించాలి, పిల్లల్ని తిట్టకూడదు.

అపోహ: ఎన్ని కిలోమీటర్లు ఈదితే ఒంటి మీద అంత లోడ్

అమెరికాకి చెందిన కార్ల్ ఫోస్టర్ పద్ధతి సింపుల్, మొత్తం సెషన్‌కి ఒక నంబర్, దాన్ని నిమిషాలతో గుణిస్తే అదే ఆ రోజు లోడ్. 90 నిమిషాలు, నంబర్ 4 అయితే 360. 60 నిమిషాలే గానీ నంబర్ 7 అయితే 420. చిన్న సెషనే బరువైంది చూశారా, అలాంటి రోజు సాయంత్రం మళ్ళీ ఇంకో క్లాస్‌కి తోలకండి.

మొత్తం సెషన్‌కి చెప్పే ఈ నంబర్‌ని నీళ్ళలోంచి లేవగానే అడగను, లేకపోతే చివరి స్ప్రింట్ ఒక్కటే గుర్తుంటుంది. అరగంట తర్వాత వాట్సాప్‌లో పంపమంటా. అప్పటికి మీరు కార్లోనో బండి మీదో ఉంటారు కదా, పక్క నుంచి "ఐదని పెట్టెయ్ రా" అనకండి, ఫోన్ వాళ్ళ చేతికిచ్చి వాళ్ళనే టైప్ చెయ్యనివ్వండి.