ఏ ఆటకు ఎక్కువ నైపుణ్యం కావాలి? కొలతల వెనుక ఉన్న చరిత్ర

అమెరికా క్రీడా ప్రసార సంస్థ ఈఎస్‌పీఎన్ 2004లో అరవై క్రీడలను కష్టాన్ని బట్టి వరుసగా పేర్చి ఒక పట్టిక వెలువరించింది. క్రీడా శాస్త్రవేత్తలు, విలేకరులు, రెండు ఆటల్లో రాణించిన ఒక క్రీడాకారుడు ఉన్న ఎనిమిది మంది బృందం ఒక్కో ఆటకు ఓర్పు, బలం, ఒక్కసారిగా శక్తిని ప్రయోగించగల సత్తా, వేగం, చురుకుదనం, ఒంటి వంపు, గుండె నిబ్బరం, దెబ్బలకు తట్టుకోవడం, కంటికీ చేతికీ పొత్తు, ఆటను విశ్లేషించే తెలివి అనే పది అంశాల్లో పదేసి మార్కులకు లెక్క వేసి, వాటిని కూడింది. బాక్సింగ్ 72.375 మార్కులతో మొదటి స్థానంలోను, ఐస్ హాకీ 71.75తో రెండో స్థానంలోను, అమెరికన్ ఫుట్‌బాల్ 68.375తో మూడో స్థానంలోను నిలిచాయి. చేపలు పట్టడం చిట్టచివరికి చేరింది. వృత్తి క్రీడల్లో దేనికి ఎక్కువ నైపుణ్యం కావాలన్న వాదన ఎక్కడ మొదలైనా ఈ పట్టికను ఎవరో ఒకరు ఇప్పటికీ ముందు పెడుతూనే ఉంటారు.

పట్టికను కాస్త నిదానంగా చూస్తే ఒక విషయం తేటపడుతుంది. పది అంశాల్లో ఎక్కువ భాగం శరీర సామర్థ్యానికి, మనోధైర్యానికి సంబంధించినవి. నైపుణ్యమని మనం మామూలుగా పిలిచేదానికి దక్కినవి చివరి రెండే. అన్ని అంశాలకూ సమాన విలువ ఇచ్చారు కాబట్టి శరీరాన్ని అన్ని వైపుల నుంచీ పరీక్షించే ఆట పైకి వెళ్తుంది, ఒకే ఒక్క పనిలో వెంట్రుకవాసి కచ్చితత్వాన్ని కోరే గోల్ఫ్ వంటి ఆట మొదటి నుంచే వెనకబడుతుంది. పట్టిక తయారుచేసినవారు తప్పు చేశారని నేను అనను. వారు అడిగిన ప్రశ్న ఒకటైతే, చదివినవారు దాన్ని మరో ప్రశ్నకు జవాబుగా తీసుకున్నారు. ఈ తారుమారు 2004లో మొదలైంది కాదు, దీనికి చాలా పాత చరిత్ర ఉంది.

ప్రాచీన గ్రీకుల ఒలింపిక్ పోటీల్లో పరుగు, లాంగ్ జంప్, డిస్కస్, జావెలిన్, కుస్తీ కలిసిన పెంటాథ్లాన్ ఉండేది. బలమూ వేగమూ రెండూ కలిసిన శరీరం వారిదేనంటూ ఆ పోటీ చేసేవారిని అరిస్టాటిల్ మెచ్చుకున్నాడు. ఒకే విద్యలో ఆరితేరినవాడికంటే అన్నీ చేయగలవాడు గొప్పవాడన్న ఈ భావన పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో వర్గభేదంతో ముడిపడి మళ్లీ బలపడింది. డబ్బు తీసుకోకుండా సరదాకు ఆడే కులీనుడు అన్ని ఆటలూ ఆడేవాడు. పొట్టకూటికి ఆడేవాడు ఒకే ఆటను పట్టుకుని దాన్నే రాత్రింబవళ్లు సాధన చేసేవాడు. 1806 నుంచి 1962 వరకు ఇంగ్లండ్ క్రికెట్లో ఈ రెండు వర్గాలు జెంటిల్‌మెన్, ప్లేయర్స్ అనే పేర్లతో ఒకదానిపై ఒకటి మ్యాచ్‌లు ఆడుతూ వచ్చాయి. సి.బి. ఫ్రై ఆ కాలపు ఆదర్శానికి నిలువెత్తు ప్రతీక. 1893లో లాంగ్ జంప్ ప్రపంచ రికార్డును సమం చేసిన ఆయన, 1901లో ఇంగ్లండ్ తరఫున ఫుట్‌బాల్ ఆడి, 1902లో సౌతాంప్టన్ జట్టుతో ఎఫ్ఏ కప్ ఫైనల్‌కు చేరి, 1912లో ఇంగ్లండ్ క్రికెట్ జట్టుకు నాయకత్వం వహించారు.

ఫ్రై ప్రతిభ నిజమైనదే. అయితే ఆయన కాలంలో ఆటలు ఇంకా పూర్తిగా వృత్తులు కాలేదన్నది కూడా అంతే నిజం. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో జీతం తీసుకుని ఆడటానికి 1885లోనే అనుమతి దొరికింది. ఆటవల్ల పోగొట్టుకున్న కూలికి పరిహారం ఇవ్వాలా వద్దా అన్న తగాదాతో 1895లో రగ్బీ రెండుగా చీలింది. టెన్నిస్ పెద్ద టోర్నీలు వృత్తి ఆటగాళ్లకు తలుపులు తెరవడానికి 1968 దాకా పట్టింది. ఏ ఆటలోకి జీతం వచ్చి చేరితే ఆ ఆటలో సాధన ఏడాది పొడవునా సాగేది, సాధన పెరిగేకొద్దీ బయటివాడు చొరబడటం కష్టమయ్యేది. ఒక ఆటలోని నైపుణ్యం ఇంకో ఆటకు ఎంతవరకు పనికొస్తుందన్న ప్రశ్న గట్టిగా తలెత్తింది ఈ మార్పు తర్వాతనే.

భిన్నమైన పనులను ఒకే కొలబద్దతో కొలవడంలోని చిక్కు 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో బయటపడింది. అక్కడ పెంటాథ్లాన్‌ను, పది అంశాలు గల డెకథ్లాన్‌ను రెండింటినీ అమెరికా అథ్లెట్ జిమ్ థోర్ప్ గెలిచారు. వంద మీటర్ల పరుగులో ఒక సెకను పదోవంతు, జావెలిన్‌లో ఎన్ని మీటర్లకు సమానం? ఈ లెక్క తేల్చడానికి పాయింట్ల పట్టిక అవసరమైంది. ఆనాటి పట్టిక ప్రకారం డెకథ్లాన్‌లో థోర్ప్‌కు 8,412 పాయింట్లు వచ్చాయి. తర్వాతి దశాబ్దాల్లో పట్టికను పలుమార్లు తిరగరాశారు, 1985లో స్థిరపడినది ఇప్పుడు అమల్లో ఉంది. దాని ప్రకారం అవే పరుగులకు, అవే దూకుళ్లకు, అవే విసుర్లకు 6,564 పాయింట్లే వస్తాయి. పది అంశాలూ సెకన్లలో, మీటర్లలో కచ్చితంగా కొలవగలిగిన పోటీలోనే ఇంత తేడా వస్తే, బాక్సింగ్ నిబ్బరాన్ని, టెన్నిస్ చేతివాటాన్ని ఒక గదిలో కూర్చుని కూడితే వచ్చే అంకెకు ఎంత బరువు ఇవ్వాలో పాఠకులే ఆలోచించాలి. బేస్‌బాల్ ఆడి స్వల్పంగా డబ్బు తీసుకున్నారన్న కారణంతో 1913లో థోర్ప్ పతకాలను లాక్కున్నారు. 1982లో, ఆయన పోయిన చాలా ఏళ్లకు, తిరిగి ఇచ్చారు. ఆ రెండు పోటీల్లో ఆయననే ఏకైక విజేతగా 2022లో గుర్తించారు.

మైదానంలో తేలని విషయం ప్రయోగశాలలో తేలుతుందని ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో చాలామంది నమ్మారు. 1921లో బేస్‌బాల్ బ్యాటర్ బేబ్ రూత్‌ను కొలంబియా విశ్వవిద్యాలయంలోని మనస్తత్వ శాస్త్రవేత్తలు రకరకాల పరికరాలతో పరీక్షించి, ఆయన చూపు, వినికిడి, చేతుల స్పందన మామూలు మనుషులకంటే చాలా మెరుగ్గా ఉన్నాయని ప్రకటించారు. ఆ దశాబ్దంలోనే, తెలివికి ఒక సూచీ ఉన్నట్లు శారీరక నేర్పుకూ ఒక సాధారణ సూచీ ఉంటుందని, కొన్ని పరీక్షలతో దాన్ని రాబట్టవచ్చని వ్యాయామ విద్యా నిపుణులు ప్రయత్నాలు చేశారు. అదే నిజమైతే ఆటలను పోల్చడం చాలా సులువు: ఏ ఆటలో పైస్థాయికి చేరడానికి ఆ సూచీ ఎంత ఉండాలో చూస్తే సరిపోతుంది. కాని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్లిన్ హెన్రీ చేసిన పరిశోధనలు ఈ ఆశకు గండికొట్టాయి. శారీరక నైపుణ్యాలు చాలావరకు దేనికవే విడివిడిగా ఉంటాయని, ఒకదానిలో నేర్పు ఇంకొకదానిలో నేర్పుకు పూచీ కాదని 1950ల చివరినాటికి ఆయన వాదించారు.

ఆ తర్వాత క్రికెట్ పిచ్ మీద జరిగిన పరిశోధన ఈ కథ మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనదిగా కనిపిస్తుంది. గంటకు 145 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి బౌలర్ చేతి నుంచి బ్యాటర్‌ను చేరడానికి అర సెకను కూడా పట్టదు. ఆ వేగానికి బదులివ్వగలవారి స్పందన మెరుపులా ఉంటుందని మనం అనుకుంటాం. బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ మెక్‌లియోడ్ పిచ్‌పై పరిచిన మ్యాట్ కింద సన్నని కర్రలు దాచి, బంతి నేలను తాకాక ఎటు తిరుగుతుందో ముందుగా తెలియకుండా చేసి, అంతర్జాతీయ స్థాయి బ్యాటర్లతో ఆడించారు. 1987లో వెలువడిన ఆ ఫలితాల్లో, ఊహించని మలుపుకు తగ్గట్టు బ్యాటును సర్దుకోవడానికి వారికి కూడా సుమారు సెకనులో అయిదో వంతు పట్టినట్లు తేలింది. అది మామూలు మనుషులకు పట్టే సమయమే. 2000లో మైఖేల్ లాండ్‌తో కలిసి ఆయన బ్యాటర్ల కంటి కదలికలను నమోదు చేసినప్పుడు అసలు తేడా ఎక్కడుందో కనిపించింది. బ్యాటర్లు బంతిని మొదటి నుంచి చివరిదాకా చూడరు. విడుదలైన క్షణంలో చూసి, అది ఎక్కడ పడబోతోందో ఆ చోటికి చూపును ముందే చేరుస్తారు. మంచి బ్యాటర్ చూపు అక్కడికి ఇంకొంచెం ముందుగా చేరుతుంది. అంటే నైపుణ్యం కన్ను వేగంలో లేదు, ఏళ్ల తరబడి ఆడి కూడబెట్టుకున్న ముందుచూపులో ఉంది.

దీన్ని ప్రయోగశాల అవసరం లేకుండా రుజువు చేసినవారు బేస్‌బాల్‌ను పోలిన సాఫ్ట్‌బాల్ ఆటలో పిచ్చర్, అంటే బ్యాటర్‌కు బంతి విసిరే క్రీడాకారిణి, జెన్నీ ఫించ్. 2004లో ఒక ప్రదర్శన మ్యాచ్‌లో ఆమె బేస్‌బాల్ మేటి బ్యాటర్లలో ఒకరైన ఆల్బర్ట్ పుహోల్స్‌ను అవుట్ చేశారు. ఆమె బంతి పెద్దది, వేగమూ బేస్‌బాల్ పిచ్చర్ల వేగంకంటే తక్కువ. దగ్గరి నుంచి విసురుతారు కాబట్టి చేరే సమయంలో పెద్ద తేడా ఉండదు. కాని చేయి కింది నుంచి పైకి తిరుగుతూ బంతిని వదిలే ఆ తీరు పుహోల్స్ కంటికి కొత్త. వేలాది బంతులు ఎదుర్కొని ఆయన సంపాదించుకున్న ముందుచూపు అక్కడ అక్కరకు రాలేదు. రెండేళ్ల తర్వాత, బేబ్ రూత్‌కు జరిపిన పరీక్షల వంటివే పుహోల్స్‌కూ జరిపినప్పుడు కొన్నింటిలో ఆయన అసాధారణంగా రాణించారు. చేతుల చురుకు ఆయనకు కొరవడలేదు, ఆ ఆటతో పరిచయమే కొరవడింది.

ఇదే కాలంలో సామాన్య ప్రేక్షకుల ముందు సాగిన పోలికల దారి వేరు. 1973లో అమెరికా టెలివిజన్‌లో మొదలైన సూపర్‌స్టార్స్ పోటీలో వేర్వేరు ఆటల మేటి ఆటగాళ్లు తమ సొంత ఆటను పక్కనపెట్టి ఇతర అంశాల్లో తలపడాలి. తొలిసారి పోల్‌వాల్ట్ ఆటగాడు బాబ్ సీగ్రెన్ గెలిచారు; కొద్దివారాల క్రితం వరకు హెవీవెయిట్ ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్న జో ఫ్రేజియర్ ఈత పోటీలో మునిగిపోయేంత పనైంది, తనకు ఈత రాదని ఆ తర్వాత ఒప్పుకున్నారు. 1976 జూన్ 26న టోక్యోలో బాక్సర్ మహమ్మద్ అలీ, రెజ్లర్ ఆంటోనియో ఇనోకీ పదిహేను రౌండ్లు పోరాడి డ్రాతో ముగించారు; ఇనోకీ ఎక్కువసేపు వెల్లకిలా పడుకుని అలీ కాళ్లను తన్నారు. ఏ యుద్ధవిద్య గొప్పదో తేల్చడానికని 1993 నవంబరులో డెన్వర్‌లో యూఎఫ్‌సీ తొలి పోటీ పెడితే, ఎదుటివారికంటే తేలికైన శరీరం గల రోయిస్ గ్రేసీ జుజుత్సు పట్లతో గెలిచారు. తర్వాతి ఏళ్లలో పోటీదారులంతా పట్లు, గుద్దులు, తన్నులు అన్నీ నేర్చుకోక తప్పలేదు. విద్యలను పోల్చడానికి పుట్టిన వేదిక తానే ఒక కొత్త ఆటగా, తనదైన నైపుణ్యంతో స్థిరపడింది.

ఈ వాదనల్లో అందరికంటే ఎక్కువగా వినిపించే పేరు మైఖేల్ జోర్డాన్. బాస్కెట్‌బాల్ శిఖరం మీద ఉండగా ఆ ఆటను వదిలి, 1994లో బర్మింగ్‌హామ్ బారన్స్ అనే కిందిస్థాయి బేస్‌బాల్ జట్టులో 127 మ్యాచ్‌లు ఆడి 0.202 బ్యాటింగ్ సగటుతో, అంటే సుమారు అయిదు ప్రయత్నాలకు ఒక్క హిట్‌తో, మిగిలారు. బేస్‌బాల్ బంతిని కొట్టడం క్రీడలన్నింటిలోనూ కష్టమైన పని అని ఆ ఆట దిగ్గజ బ్యాటర్ టెడ్ విలియమ్స్ అనేవారు, దానికి ఇదే సాక్ష్యమని బేస్‌బాల్ అభిమానులు చూపిస్తారు. నా దృష్టిలో ఈ సాక్ష్యం సగమే. ముప్పై దాటిన బేస్‌బాల్ దిగ్గజం ఒకరు బాస్కెట్‌బాల్ జట్టులో చేరి ఏడాది ఆడి చూపించి ఉంటే గాని పోలిక పూర్తి కాదు. జోర్డాన్ సగటు చెప్పేది ఒక ఆటకంటే ఇంకొకటి కష్టమని కాదు, చిన్ననాటి నుంచి ఆగకుండా చేయాల్సిన సాధనను ముప్పైలలో ఒక్క ఏడాదిలో కూడగట్టుకోలేమని.

అంకెల శాస్త్రం తెలిసినవారు ఇంకో దారి పట్టారు. డాన్ బ్రాడ్‌మన్ 52 టెస్టుల్లో 99.94 సగటు సాధించారు. తోటివారి నుంచి ఒక ఆటగాడు ఎంత దూరంగా నిలిచాడో చూసే లెక్కతో ఆస్ట్రేలియా గణాంక నిపుణుడు చార్లెస్ డేవిస్ వేర్వేరు ఆటల దిగ్గజాలను పోల్చి, పెలే, గోల్ఫ్ ఆటగాడు జాక్ నిక్లాస్, జోర్డాన్‌లకంటే బ్రాడ్‌మన్‌ను పైన నిలబెట్టారు. అద్భుతమైన లెక్కే. కాని జీవశాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్ బేస్‌బాల్ గురించి చూపిన విషయాన్ని దాని పక్కన పెట్టాలి. 1941లో టెడ్ విలియమ్స్ 0.406 సగటు సాధించాక అమెరికన్ లీగ్, నేషనల్ లీగ్ అనే రెండు ప్రధాన లీగుల్లో మరే బ్యాటరూ సీజన్ మొత్తానికి 0.400 దాటలేదు. బ్యాటర్లు బలహీనపడ్డారు కాబట్టి ఇలా జరగలేదని, ఆటలో అందరి ప్రమాణమూ పెరిగి మేటివారికీ మామూలువారికీ మధ్య దూరం తగ్గడంవల్ల జరిగిందని గూల్డ్ వివరించారు. ఆ తర్కం ప్రకారం, ఒకరు అందరికంటే చాలా దూరం వెళ్లగలిగిన ఆట ఇంకా లోతు చేరని ఆట కావచ్చు. ఒకే అంకెను ఆటగాడి గొప్పతనానికి గుర్తుగానూ చదవవచ్చు, పోటీ పలచదనానికి గుర్తుగానూ చదవవచ్చు.

ఇటీవలి దశాబ్దాల్లో ఈ ప్రశ్నకు కొత్త సమాచారం అందించినవి ప్రతిభ బదిలీ పథకాలు. బ్రిటన్ 2007లో పొడగరులైన యువతీయువకులను వెతికి రోయింగ్ వైపు మళ్లించింది. అలా 2008లో తెడ్డు పట్టిన హెలెన్ గ్లోవర్ 2012 ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచారు. హెప్టాథ్లాన్ సాధన చేస్తూ అలాంటి మరో పథకం ద్వారా స్కెలిటన్ అనే మంచు క్రీడలోకి వచ్చిన లిజీ యార్నాల్డ్ 2014లోనూ 2018లోనూ స్వర్ణం సాధించారు. ఎగిరే బంతినో, ఎదుటివాడి ఎత్తుగడనో చదవాల్సిన ఆటల్లోకి నాలుగేళ్లలో ఇలా ప్రపంచ శిఖరానికి మనుషులను చేర్చిన పథకాన్ని ఊహించడం కష్టం. దీన్ని బట్టి రోయింగ్ సులువని అనేవారు ఆ శిక్షణలోని నొప్పిని, పడవ తూకం చెడకుండా తెడ్డు వేయడంలోని సూక్ష్మాన్ని చూడనివారు. ఆ ఆటలో ఎంపికకు శరీరం పెద్ద ఆధారం, బంతి ఆటల్లో చిన్ననాటి అలవాటు పెద్ద ఆధారం అని మాత్రమే చెప్పగలం.

ఈ రెండో మాటకు కూడా ఎదురు నిలిచే ఉదాహరణ ఆస్ట్రేలియాలోనే దొరుకుతుంది. ఎలీస్ పెర్రీ ఆ దేశం తరఫున క్రికెట్ ప్రపంచ కప్‌లోనూ ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లోనూ ఆడారు. చిన్నతనం నుంచి టెన్నిస్‌లోనే పెరిగిన ఆష్లే బార్టీ 2014లో రాకెట్ పక్కన పెట్టి, 2015లో మహిళల బిగ్ బాష్ లీగ్‌లో బ్రిస్బేన్ హీట్ జట్టులో చేరి, తొలి మ్యాచ్‌లోనే 27 బంతుల్లో 39 పరుగులు చేశారు. బంతిని చదవడం ఒక ఆట నుంచి ఇంకో ఆటకు కొంతైనా వెంట వస్తుందనడానికి ఆ ఇన్నింగ్స్ సాక్ష్యంలా కనిపించింది. ఆ సీజన్ ముగిసేసరికి ఆమె మొత్తం పరుగులు 68. మరుసటి ఏడాది ఆమె టెన్నిస్‌కు తిరిగి వెళ్లి, 2019లో ఫ్రెంచ్ ఓపెన్, 2021లో వింబుల్డన్ గెలిచారు.